పాత ఆఫీసు భవనాన్ని విశ్వవిద్యాలయ కేంద్రంగా మార్చడం: కూల్చే ముందు చూడవలసినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయవాడలో 1983లో కట్టిన ఒక కార్యాలయ భవనం మీ విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. కింది అంతస్తు, దానిపై మూడు అంతస్తులు, ఒక్కొక్కటి సుమారు 600 చదరపు మీటర్లు. అందులో గ్రంథాలయం, తరగతి గదులు, రెండు మూడు చిన్న ప్రయోగశాలలు, సాయంత్రాలు ఊరివాళ్లు కూడా వచ్చి వినగలిగే ఒక ఉపన్యాస మందిరం పెట్టాలనుకుంటున్నారు. కరెంటు, నీళ్లు తక్కువ వాడే భవనం కావాలి. మీ సలహాదారు ఒకరు పాతదాన్ని కూల్చి కొత్తగా హరిత భవనం కట్టడమే పర్యావరణానికి మేలన్నారు. అది నిజమా అని అడిగారు.

నా సమాధానం: పరీక్షల్లో స్తంభాలు, దూలాలు, శ్లాబులు, పునాది బాగున్నాయని తేలితే కూల్చవద్దు. ఆ పరీక్షలు పూర్తయ్యేదాకా ఆర్కిటెక్టు చేత ఒక్క గీత కూడా గీయించవద్దు. భవనం ఏ బరువు మోయగలదో ముందు తెలుసుకుని, దానికి తగినట్లు మీ గదులను సర్దండి. ముందే గదులు నిర్ణయించుకుని వాటికోసం స్తంభాలను కదపాలని చూసిన ప్రతిచోటా ఖర్చు రెట్టింపైంది, భవనం బలహీనపడింది. 31 ఏళ్లుగా స్ట్రక్చరల్ ఇంజినీరుగా హైదరాబాదులోనూ కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లోనూ పాత భవనాల మీద పని చేస్తున్నాను. కింద చెప్పేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు మీ సలహాదారు మాట చూద్దాం. మీ భవనం మొత్తం విస్తీర్ణం 2,400 చదరపు మీటర్లు. ఆ కాలపు ఫ్రేము నిర్మాణంలో (స్తంభాలు, దూలాలే బరువు మోసే పద్ధతి), పునాదితో కలిపి, చదరపు మీటరుకు దాదాపు 0.4 ఘనపు మీటర్ల కాంక్రీటు ఉంటుందని నేను చేతిలెక్కగా తీసుకుంటాను. అంటే 960 ఘనపు మీటర్లు. అందులో 330 టన్నులకు పైగా సిమెంటు, సుమారు 100 టన్నుల ఇనుము. ఒక టన్ను సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు తయారయ్యేటప్పుడు 800 నుంచి 900 కిలోల కార్బన్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది, ఇనుముకైతే టన్నుకు రెండు టన్నులు దాటుతుంది. కూల్చి అదే పరిమాణంలో కట్టారంటే, గోడలు, కిటికీలు, గచ్చు లెక్కలోకి రాకముందే 500 టన్నుల దాకా కొత్తగా వదిలినట్లు. కూల్చిన శిథిలాలు 3,000 టన్నులు. పది టన్నుల టిప్పరు 300 సార్లు తిరగాలి. కొత్త భవనం ఎంత పొదుపుగా నడిచినా ఈ బాకీ తీర్చడానికి ఏళ్లు పడుతుంది. పాత ఫ్రేము ఉంచుకుంటే ఆ బాకీ మొదలే కాదు.

ఇక పరీక్షలు. 1983 అంటే కాంక్రీటు సాధారణంగా ఎం-15 రకం (ఎం పక్కన అంకె పెరిగినకొద్దీ బలం ఎక్కువ). 2000 నాటి ఐఎస్ 456 (కాంక్రీటు పనుల భారత ప్రమాణం) ప్రకారం ఇనుప కాంక్రీటుకు కనీసం ఎం-20 ఉండాలి. అందుకని కంగారు పడవద్దు, ఆనాటి డిజైను ఆనాటి బలం మీదే చేశారు. చూడవలసింది ఇన్నేళ్లలో అది ఎంత మిగిలిందన్నదే. చాలామంది రీబౌండ్ హామర్ (కాంక్రీటును కొట్టి బలం అంచనా వేసే సుత్తి) ఒక్కటీ పట్టుకుని వచ్చి రెండు గంటల్లో నివేదిక ఇచ్చేస్తారు. దాన్ని మాత్రమే నమ్మవద్దు. నలభై ఏళ్ల కాంక్రీటు పైపొర గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చి గట్టిపడుతుంది. సుత్తి ఆ పొరను కొట్టి, లోపలి బలం కంటే ఎక్కువ చూపిస్తుంది. కోర్, అంటే కాంక్రీటులోంచి కోసి తీసే గుండ్రటి ముక్క, తీయించండి. ఒక్కో ప్రాంతం నుంచి కనీసం మూడు కోర్‌లు తీయాలి. వాటి సగటు బలం ఆ రకం కాంక్రీటుకు ఉండవలసిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి దిగకూడదు. కోర్ తీసిన రంధ్రంలోనే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లించండి. మంచి కాంక్రీటు ముదురు గులాబీ రంగుకు తిరుగుతుంది, చెడినచోట రంగు రాదు. రంగు రాని లోతు ఇనుప చువ్వల దాకా చేరిందంటే అక్కడ తుప్పు మొదలైంది లేదా మొదలవుతుంది.

ఇంకొక మాట. ఆ రోజుల్లో టోర్ స్టీలు, అంటే మెలితిప్పిన చువ్వలు, బాగా వాడారు. మెలితిప్పడం వల్ల బలం పెరిగింది గానీ తుప్పుకు త్వరగా లొంగుతాయి. కాబట్టి మరుగుదొడ్ల పక్క స్తంభాలు, డాబా మీది నీళ్లట్యాంకు కింది దూలాలు, సజ్జలు, వర్షపు గొట్టాలు దిగే మూలలు విడిగా చూడాలి. హైదరాబాదులో ఒక బ్యాంకు పాత ప్రాంతీయ కార్యాలయాన్ని కళాశాలగా మార్చినప్పుడు, మొత్తం 42 స్తంభాల్లో చెడినవి ఐదు. ఆ ఐదూ మరుగుదొడ్ల వరుసలోనివే. మిగతా భవనం నిక్షేపంగా ఉంది. ఆ ఐదింటికి చెడిన కాంక్రీటు చెక్కి, తుప్పు తీసి, కొత్త చువ్వలు కట్టి మైక్రో కాంక్రీటుతో (సన్నని కంకరతో సులువుగా పారే కాంక్రీటు) జాకెటింగ్, అంటే స్తంభం చుట్టూ కొత్త తొడుగు, చేశాం. అంతకుముందు వచ్చిన ఇంజినీరు, రాలిన ప్లాస్టరింగ్ చూసి భవనమంతా కూల్చమని రాసి ఇచ్చారు.

ఇప్పుడు అసలు చిక్కు, గ్రంథాలయం.

కార్యాలయాల అంతస్తును, ఫైళ్లకు వేరే గది ఉంటే, చదరపు మీటరుకు 250 కిలోల వినియోగ బరువుకు (మనుషులు, సామాను బరువు) డిజైను చేస్తారు. బరువుల లెక్కకు భారత ప్రమాణమైన ఐఎస్ 875 రెండో భాగంలో తరగతి గదికి అది 300 కిలోలు. తేడా కొద్దిదే, లెక్క చూసుకుంటే చాలావరకు గట్టెక్కుతుంది. అదే పుస్తకాల బీరువాలుండే గదికి, బీరువా ఎత్తు 2.2 మీటర్ల దాకా ఉంటే 600 కిలోలు, ఆపైన ప్రతి మీటరు ఎత్తుకు మరో 200. కుర్చీలు బిగించని సభామందిరానికి 500. నడవాలకు, మెట్లకు 400. పట్టాల మీద జరిగే బీరువాలయితే బరువు ఇంకా పెరుగుతుంది. ప్రతి యాజమాన్యమూ గ్రంథాలయాన్ని పై అంతస్తులో పెట్టాలంటుంది, వెలుతురు బాగుంటుంది, గోల తక్కువ అని. 250 కిలోలకు కట్టిన శ్లాబు మీద 600 కిలోల పుస్తకాలు పెట్టడం ఎంత ప్రమాదమో నేను విడమరచి చెప్పనక్కరలేదు. పుస్తకాల బీరువాలు, ఉపన్యాస మందిరం కింది అంతస్తుకు రావాలి. చదువుకునే బల్లలు పైకి వెళ్లవచ్చు.

హైదరాబాదులో అయితే ఇక్కడితో ఆపేసేవాణ్ణి. విజయవాడలో ఆపలేను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. మీ భవనం ఏ పేటలో ఉందో మీరు రాయలేదు. ఆ పల్లపు ప్రాంతంలో ఉంటే, కింది అంతస్తులో పుస్తకాలు పెట్టమనడం వాటిని నీళ్లకు అప్పగించడమే. అప్పుడు మూడు దారులున్నాయి. మొదటిది, ఆ ఏడు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో ఇరుగుపొరుగు గోడల మీది గుర్తులు చూసి, అంతకంటే పైకి బీరువాల కింది అర వచ్చేలా అరుగు లేపడం. నీళ్లు అడుగున్నర, రెండు అడుగులు వచ్చినచోట ఇది చాలు. రెండోది, మొదటి అంతస్తులో ఒక్క మూలకు చెందిన శ్లాబును, దూలాలను ఉక్కు దూలాలతో బలపరచి, బీరువాలన్నీ అక్కడికే పరిమితం చేయడం. స్తంభాలకు, పునాదికి ఆ బరువు సరిపోతుందో లేదో విడిగా లెక్క చూడాలి. మూడోది, అరుదుగా అడిగే పుస్తకాలను మీ ప్రధాన ప్రాంగణంలోనే ఉంచి, ఇక్కడ పాఠ్యపుస్తకాలు, పత్రికలు మాత్రమే గోడల వెంట తక్కువ ఎత్తు అరల్లో పెట్టడం. నన్నడిగితే మూడోదే మేలు. కరెంటు ప్యానెళ్లు, జనరేటరు, లిఫ్టు మోటారు, బ్యాటరీలు మాత్రం ఏ పేటయినా వరద మట్టానికి పైనే ఉండాలి, ఇందులో రాజీ వద్దు.

కింది అంతస్తు గురించే ఇంకొక హెచ్చరిక. విద్యార్థులకు విశాలంగా ఉండాలని ఇటుక గోడలన్నీ తీసేసి చుట్టూ అద్దాలు పెట్టిస్తారు. ఇటుక గోడ బరువు మోయకపోయినా, భూకంపంలో భవనం పక్కకు ఊగకుండా ఆపుతుంది. పైఅంతస్తులన్నిటికీ గోడలుండి కింద మాత్రం లేకపోతే ఊపంతా కింది స్తంభాల మీద పడుతుంది. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాదులో కూలిన అపార్టుమెంట్లలో చాలావాటికి కింద పార్కింగు కోసం గోడలు లేకపోవడమే కారణం. భూకంపాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 1893 (2016) ప్రకారం విజయవాడ మూడో జోను, హైదరాబాదు అంతకంటే తక్కువ ప్రమాదమున్న రెండో జోను. పైగా ఆ కోడులోనే మామూలు కార్యాలయం కంటే విద్యాలయాన్ని ఒకటిన్నర రెట్ల బలానికి సరిచూడమంటారు. పాత కాంక్రీటు భవనాలను ఎలా అంచనా వేయాలో, ఎలా బలపరచాలో ఐఎస్ 15988 చెబుతుంది. మీ ఇంజినీరు ఆ కోడు ప్రకారం నివేదిక ఇస్తున్నారా లేదా అని తప్పక అడగండి. కింద గోడ తీయక తప్పకపోతే, వేరే రెండు మూడు చోట్ల ఉక్కు బ్రేసింగో (స్తంభాల మధ్య ఏటవాలు ఉక్కు కడ్డీలు) కాంక్రీటు గోడో పెట్టి ఆ లోటు పూడ్చాలి.

గోడ తీయాలనుకున్నప్పుడల్లా దాని నెత్తిన దూలం ఉందో లేదో చూడండి. ఆ కాలంలో కొన్ని భవనాలు సగం ఫ్రేము, సగం తొమ్మిదంగుళాల గోడల మీద నిలబెట్టారు. తాపీ మేస్త్రీ "ఇది ఉత్త గోడేనండి" అన్నంత మాత్రాన కొట్టించవద్దు.

స్తంభాల వరుసల సంగతి. మీ కోర్సులకు సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి అవసరమైతే తరగతి గదికి 66, ట్యుటోరియల్ గదికి 33 చదరపు మీటర్లు అడుగుతారు. ఈ ఏటి మార్గదర్శకాలు ఒకసారి సరిచూసుకోండి. ఆ కాలపు కార్యాలయాల్లో స్తంభాల మధ్య నాలుగున్నర నుంచి ఆరు మీటర్ల దూరమే ఉండేది. కాబట్టి 66 చదరపు మీటర్ల గది చేస్తే నడుమ ఎక్కడో ఒక స్తంభం నిలబడుతుంది. దాన్ని తీసేయమని అడగవద్దు. నల్లబల్లను పొడుగు గోడకు మార్చి, బల్లలను కొంచెం వంపుగా వేస్తే స్తంభం ఎవరి చూపుకూ అడ్డురాదు. గుంటూరు దగ్గర ఒక కళాశాలలో సరిగ్గా ఇలాగే చేశాం. స్తంభం చుట్టూ ఫోను, ల్యాప్‌టాప్ ఛార్జింగుకు ప్లగ్గులు పెడితే విద్యార్థులు ముందుగా ఆ చోటుకే పరుగెత్తేవారు.

ఇక జనం. ఈ లెక్క ఆఖరికి గాని ఎవరికీ గుర్తురాదు. జాతీయ భవన నిర్మాణ కోడు కార్యాలయానికి మనిషికి 10 చదరపు మీటర్లు చొప్పున, విద్యాలయానికి 4 చొప్పున లెక్కిస్తుంది. మీ భవనం అప్పుడు 240 మందిది, ఇప్పుడు 600 మందిది. కుర్చీలు వేసిన సభామందిరానికైతే మనిషికి 0.6 చదరపు మీటరే, కాబట్టి 150 చదరపు మీటర్ల మందిరంలో 250 మంది ఉంటారని లెక్క. ఒక్కటే మెట్లదారి, అదీ నాలుగు అడుగులది ఉంటే, అగ్నిప్రమాదంలో ఇంతమంది దిగలేరు. వెనకవైపు ఉక్కుతో రెండో మెట్లదారి బయటినుంచి కట్టుకోవడం అన్నిటికన్నా చవక, భవనం లోపల ఒక్క గది కూడా పోదు. దాని పునాదిని పాత పునాదికి తగలకుండా విడిగా వేయండి. భవనం వాడకం మార్చడానికి నగరపాలక సంస్థ అనుమతి కావాలి, జనం గుమికూడే భవనం కనుక అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రమూ కావాలి. కొనుగోలు పూర్తిగా ముగియకపోతే ఈ రెండూ వస్తాయో రావో ముందే విచారించుకోండి. ఒక యాజమాన్యం డబ్బంతా కట్టేశాక, అగ్నిమాపక వాహనం తిరగడానికి పక్కన ఖాళీ చాలదని తెలిసి రెండేళ్లు ఆగిపోయింది. అలాంటి కష్టం మీకు రాకూడదు.

మరుగుదొడ్ల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. 1980లలో కట్టిన ఆఫీసుల్లో ఆడవాళ్లకు రెండు అంతస్తులకొక గది ఉంటే గొప్ప. మీ విద్యార్థుల్లో సగమైనా అమ్మాయిలుంటారు. ప్రతి అంతస్తులోనూ వారికి సరిపడా మరుగుదొడ్లు, శానిటరీ ప్యాడ్లు పారవేసే ఏర్పాటు, చక్రాల కుర్చీ తిరిగే ఒక గది ఉండాలి. అన్నిటినీ పాత గొట్టాల షాఫ్టు పక్కనే, ఒకదానిపై ఒకటి వచ్చేలా పెట్టండి. కొత్తచోట శ్లాబుకు రంధ్రాలు పొడిచి గొట్టాలు దించారంటే పదేళ్లలో మళ్లీ ఆ ఐదు స్తంభాల కథే.

వేడి దగ్గరకు వద్దాం. పర్యావరణ హితం అనగానే అందరూ సోలారుతో మొదలుపెడతారు. నేను కిటికీలతో మొదలుపెడతాను. ఆ తరం కార్యాలయాలు చాలావాటిని ఏసీలు లేని కాలపు తీరులో కట్టారు. పెద్ద కిటికీలు, లోతైన సజ్జలు, 11 అడుగుల ఎత్తు గదులు. తరువాత ఏసీలు వచ్చి కిటికీలకు ప్లైవుడ్డు కొట్టారు, ఎనిమిదడుగులకు ఫాల్స్ సీలింగు దించారు. నేను బెజవాడలోనే ఒక భవనంలో ఆ సీలింగు ఒక మూల విప్పించి నిచ్చెనెక్కి చూస్తే, పైన ఫ్యాన్ల కొక్కేలు, గాలి ఆడే పైకిటికీలు అలాగే ఉన్నాయి. అప్పటివారు చేసిపెట్టిన మంచి పనంతా ఒక తెల్లపలక వెనక నిద్రపోతోంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తు. సీలింగు తీసేసి, కిటికీలు విప్పించి, ఫ్యాన్లు వేస్తే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తరగతులకు ఏసీ అక్కర్లేకపోయింది.

పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 28 నుంచి 35 వాట్లు. 120 ఫ్యాన్లు ఏడాదికి 2,000 గంటలు తిరిగితే ఆదా 9,600 నుంచి 11,300 యూనిట్ల దాకా. పడమటి గోడకు ఎండ నేరుగా తగలకుండా మట్టిజాలీ కానీ నిలువు పలకలు కానీ బయటినుంచి కట్టండి. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్లు వేసి ప్రయోజనం లేదు. స్థలం ఉంటే పడమటి వైపు కానుగ, వేప నాటండి. డాబా మీద తెల్లటి చల్లపూత, దాని కింద ఉష్ణనిరోధక పొర. మే నెలలో, వానకు ముందు ఉక్కపోసే రోజుల్లో ఏసీ తప్పదు, తప్పదని ఒప్పుకునే లెక్క వేసుకోండి. కానీ అంతస్తుకొక విభాగంగా పెట్టి, ఖాళీ గదులకు ఆగిపోయేలా చేయండి. 26 డిగ్రీలకు పెట్టి ఫ్యాను కలిపి నడిపితే చాలు. ఒక జాగ్రత్త: నీళ్లతో చల్లబరిచే కూలర్లు హైదరాబాదు పొడి ఎండకు బాగా పనిచేస్తాయి, విజయవాడ తేమగాలికి కాదు. అక్కడ చూసి ఇక్కడ పెట్టించి మోసపోవద్దు.

పాత ఏసీలను పాత ఇనుము వ్యాపారికి నేరుగా అమ్మేయవద్దు. వాటిలో ఆర్-22 వాయువు ఉంటే అది ఓజోను పొరకు హాని. దాన్ని సిలిండరులోకి దించే మెకానిక్కును పిలిచి, ఆ తరువాతే విప్పించండి. ఆస్‌బెస్టాస్ రేకులు, గొట్టాలు ఉంటే రంపంతో కోయనివ్వకండి. తడిపి, పగలకుండా దించాలి, కూలీలకు తగిన మాస్కులు ఇవ్వాలి. పర్యావరణం పేరుతో చేసే పనిలో కూలీల ఊపిరితిత్తులు పాడవడం నేను సహించలేను.

విదేశీ ఉదాహరణ కావాలన్నారు. మీ అవసరానికి దగ్గరగా వచ్చేది కేంబ్రిడ్జిలోని ఎంటోపియా భవనం. 1930లలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిగా కట్టినదాన్ని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు సుస్థిరత నాయకత్వ సంస్థ తన కేంద్రంగా మార్చుకుని 2022లో తెరిచింది. పాత భవనాల మరమ్మతుకు ఉన్న ఎనర్‌ఫిట్ అనే కఠిన ప్రమాణానికి దాన్ని తెచ్చారు. వేరే భవనంలోంచి తీసేసిన ఎల్‌ఈడీ దీపాలను తెచ్చి ఇందులో బిగించడం నాకు బాగా నచ్చిన సంగతి. కానీ గోడలకు దళసరి ఉష్ణనిరోధకం, మూడు పొరల అద్దాలు, గాలి చొరని బిగువు, ఇవన్నీ చలిదేశపు మందులు. వాటిని తెచ్చి బెజవాడలో వాడితే ఏడాది పొడవునా ఏసీకి కట్టుబడిపోతారు. అక్కడినుంచి తెచ్చుకోవలసింది పాత చట్రాన్ని, పాత వస్తువులను గౌరవించిన పద్ధతిని.

అంత దూరం పోనక్కరలేదు కూడా. హైదరాబాదు కోఠిలోని రెసిడెన్సీ పంతొమ్మిదో శతాబ్ది మొదట్లో బ్రిటిష్ రెసిడెంటు నివాసంగా, అధికార పీఠంగా వెలసింది. 1949లో ఉస్మానియా మహిళా కళాశాల అందులోకి వచ్చింది, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. తరాల తరబడి మన ఆడపిల్లలు అక్కడ చదువుకున్నారు. చాలాకాలం పట్టించుకోక పాడైన భవనాన్ని ఈమధ్యే పునరుద్ధరించారు. పాత భవనం చదువుకు పనికిరాదనేవారికి నేను ముందుగా దాన్నే చూపిస్తాను.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి, మీరు చేయకుండా ఉండడానికి. ఒక భవనంలో ఫాల్స్ సీలింగు, పాత తివాచీలు అన్నీ తీసేసి, శ్లాబు, గచ్చు బయటపెట్టి తరగతులు ప్రారంభించాం. చూడటానికి ఎంతో బాగుంది. మొదటి వారంలోనే ఒక అధ్యాపకురాలు వచ్చి "వెనక బల్లలవారికి నా మాట ఒక్కటీ అర్థం కావడం లేదు, అంతా ప్రతిధ్వనే" అన్నారు. ఆమె చెప్పింది నిజం. నున్నని ఆరు తలాల మధ్య మాట ముద్దైపోతుంది. తరువాత వెనకగోడకు, పైన కొంతమేరకు కొబ్బరిపీచు పలకలు కట్టించాం, సరిపోయింది. మొదటే అంచనాలో పెట్టి ఉంటే ఆ మూడు నెలలు పిల్లలకు పాఠాలు నష్టపోయేవి కావు. మీ అంచనాలో శబ్దానికి ఒక పద్దు ఇప్పుడే రాసుకోండి. రోడ్డుపక్క గదులను తరగతులకు ఇవ్వకుండా మెట్లకు, మరుగుదొడ్లకు, పరిపాలన గదులకు కేటాయించండి.

డాబా సంగతి క్లుప్తంగా. నలభై ఏళ్లలో కురిసినప్పుడల్లా పొర మీద పొర సున్నపు కాంక్రీటు పోసి ఉంటారు. మూడంగుళాల పొర చదరపు మీటరుకు 140 కిలోల బరువు. అన్నీ చెక్కించి ఒక్కటే తేలికపాటి పొర వేస్తే శ్లాబుకు ఊపిరి వస్తుంది, సోలారు పలకల బరువు అందులోనే సర్దుకుంటుంది. పలకల విషయంలో నాకు భయం బరువుతో కాదు, గాలితో. విజయవాడకు డిజైను గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే తుపాను గాలి. చట్రాలను శ్లాబుకు రంధ్రాలు పొడిచి బిగిస్తే ఆ రంధ్రాలే కురుస్తాయి. స్తంభాల నెత్తిన దిమ్మెలు కట్టి వాటికి బిగించండి. ట్యాంకులు, మెట్ల గది పోగా 300 చదరపు మీటర్లు దొరికితే సుమారు 30 కిలోవాట్లు పెట్టవచ్చు, ఏటా 40,000 యూనిట్లకు అటూఇటూ వస్తాయి.

నీళ్ల లెక్క చాలామందిని నిరాశపరుస్తుంది, అయినా చెప్పాలి. ఏడాదికి మీటరు వాన కురుస్తుందనుకుంటే 600 చదరపు మీటర్ల డాబా నుంచి 4.8 లక్షల లీటర్లు పట్టవచ్చు. 600 మందికి మనిషికి 45 లీటర్ల చొప్పున రోజుకు 27,000 లీటర్లు. అంటే ఏడాది వాన 18 రోజుల వాడకం. వాన నీటిని పట్టండి, కానీ దానితో గడుస్తుందనుకోవద్దు. సన్నధార కుళాయిలు, రెండు మీటల ఫ్లష్‌లు, చేతులు కడిగిన నీటిని శుద్ధిచేసి ఫ్లష్‌లకు వాడటం, వీటితోనే అసలు ఆదా.

పాత వస్తువులు పారేయకండి. మొజాయిక్ గచ్చు ఉంటే దాని మీద టైల్స్ వేయించవద్దు, పాలిష్ చేయించండి. బరువూ పెరగదు, గచ్చు కొత్తదానిలా మెరుస్తుంది. బేతంచెర్ల, తాండూరు బండలు లేచిపోతే తిప్పి పరవచ్చు. టేకు తలుపులు, కిటికీలు రంగు గీకి చూస్తే చెక్క ఎంత గట్టిదో తెలుస్తుంది. ఈ రోజు అలాంటి టేకు కొనాలంటే మీ బడ్జెటు చాలదు.

కూల్చడమే సరైన సందర్భాలు లేవని నేను అనను. కోర్‌ల సగటు చాలా దిగువన ఉండి సగానికి పైగా స్తంభాలకు జాకెటింగ్ కావలసి వస్తే, పునాది కుంగుతూ గోడలకు వాలుగా బీటలు ఏటేటా పెరుగుతుంటే, కాంక్రీటులో ఉప్పు చేరి చువ్వలన్నీ తుప్పుపట్టి ఉంటే, గది ఎత్తు దూలం కింద ఏడున్నర అడుగులు కూడా లేకపోతే, మమకారం చంపుకొని కూల్చండి. నేనే రెండు భవనాలను అలా కూల్చమని రాసి ఇచ్చాను. బాగున్న భవనాల మార్పు ఖర్చు నా పనుల్లో కొత్త నిర్మాణంలో సగం నుంచి మూడింట రెండు వంతుల మధ్య వచ్చింది. ఆ గీత దాటితే ఆగి మళ్లీ ఆలోచించాను.

హరిత భవన ధ్రువపత్రం గురించి అడిగారు. హరిత భవనాలకు రేటింగు ఇచ్చే ఐజీబీసీ, గృహ (GRIHA) రెండింటిలోనూ పాత భవనాలకు దారులున్నాయి, తీసుకోండి. కాకపోతే పాయింట్ల కోసం పనులు ఎంచుకోవద్దు. అంతస్తుకొక కరెంటు మీటరు, నీటి మీటరు పెట్టి, మొదటి ఏడాది నెలనెలా లెక్కలు మెట్ల దగ్గర అందరికీ కనిపించేలా అంటించండి. మీ ఇంజినీరింగు విద్యార్థులకు అంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు.

వచ్చే వారం మీరు చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి అంతస్తులో ఒక మూల ఫాల్స్ సీలింగు విప్పించి దూలాలకు, శ్లాబు అడుగుకు ఫోటోలు తీయించండి. మరుగుదొడ్ల పక్క స్తంభాలకు, ట్యాంకు కింది భాగానికి విడిగా తీయండి. 1983 నాటి నిర్మాణ నక్షాలు పాత యజమాని దగ్గరో నగరపాలక సంస్థ రికార్డుల్లోనో దొరుకుతాయేమో వెతికించండి. ఫోటోలు, భవనం ఉన్న పేట పేరు, 2024లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇక్కడే రాయండి. ఎక్కడెక్కడ కోర్‌లు తీయించాలో గుర్తుపెట్టి చెబుతాను.